బయానా ఇచ్చే ముందు బ్యాంకుకి పోండి: మన టౌన్లలో హోమ్ లోన్ ఎక్కడ ఆగుతుంది?

ఈరోజు ఎపిసోడ్ మా ఇంటి కథతోనే మొదలుపెడతా. ఎందుకంటే ఈ సబ్జెక్ట్ నాకు చదివితే రాలేదు, మూడు లక్షలు ఇరుక్కుపోతే వచ్చింది.

మాది పూడూరు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు మీద మన్నెగూడ దాకా వచ్చినవాళ్లకు మా ఏరియా తెలిసే ఉంటుంది. 2024లో ఒకరోజు పొద్దున్నే మా నాయిన ఫోన్ చేసిండు. "వికారాబాద్‌ల ఇల్లు కుదిరింది రా. ముప్పై రెండు లక్షలు. నిన్ననే మూడు లక్షలు బయానా ఇచ్చిన." నేను అప్పటికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నా. ఫోన్ పెట్టకముందే ఈఎంఐ క్యాల్కులేటర్ ఓపెన్ చేసిన. 25 లక్షల లోన్, 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ. నెలకు 21,696 రూపాయలు. నా జీతానికి పర్వాలేదు, అయిపోయింది అనుకున్నా.

ఆ క్యాల్కులేటర్ జీతం లెక్క చెప్తుంది, ఈఎంఐ లెక్క చెప్తుంది. కానీ "అసలు ఈ ఇంటి మీద ఏ బ్యాంకైనా లోన్ ఇస్తుందా?" అన్న ప్రశ్న అందులో లేదు. నెల తిరగకముందే బ్యాంకు వాళ్ల వకీలు నుంచి రిపోర్ట్ వచ్చింది. ఒకటిన్నర పేజీ. కింద ఒక్క లైన్: ఈ ఆస్తిని తాకట్టుగా తీసుకోవడం శ్రేయస్కరం కాదు.

ఫస్ట్ నాకు అర్థం కాలేదు. ఇల్లు కళ్ల ముందు ఉంది, రిజిస్ట్రేషన్ అయిన ఇల్లు, పదేళ్లుగా మనుషులు ఉంటున్న ఇల్లు. ఇంటి పన్ను రసీదు ఉంది, కరెంట్ మీటర్ ఉంది, నల్లా ఉంది. ఇంకేం కావాలి? చాలామంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి దీన్ని కొంచెం ఓపిగ్గా చెప్తా.

బ్యాంకు మీ ఇంటిని మనం చూసినట్టు చూడదు. మనం గేటు చూస్తాం, వంటింట్లో గాలి వస్తుందా చూస్తాం, నాయిన అయితే వాస్తు చూస్తడు. బ్యాంకు చూసేది ఒకటే: రేపు వీడు కట్టకపోతే, దీన్ని అమ్మి మన డబ్బు మనం తెచ్చుకోగలమా? 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ప్రకారం, వరుసగా 90 రోజులు కట్టక ఖాతా మొండి బాకీ కింద పడితే, బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు కేసు వేయకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకొని వేలం వేయొచ్చు. హోమ్ లోన్ వడ్డీ పర్సనల్ లోన్ కంటే అంత తక్కువ ఉండటానికి పెద్ద కారణం ఇదే. కాబట్టి వేలంలో ఇంకొకడు ధైర్యంగా కొనేంత క్లీన్‌గా కాగితాలు ఉండాలి. మీ జీతం లక్ష ఉన్నా, సిబిల్ స్కోర్ 800 ఉన్నా, ఈ పరీక్ష పాస్ అవ్వాల్సింది మీరు కాదు, ఇల్లు.

మేం కొనబోయిన ఇల్లు మూడు చోట్ల ఫెయిల్ అయింది.

మొదటిది లేఅవుట్. ఆ ప్లాట్లు వేసినప్పుడు ఆ స్థలం గ్రామ పంచాయతీ కింద ఉండేది. లేఅవుట్ కాపీ మీద సర్పంచ్ సంతకం, పంచాయతీ స్టాంపు ఉన్నాయి. మా నాయిన దాన్ని చూసే "అప్రూవ్డ్" అనుకున్నడు. కానీ లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి సొంతంగా లేదు. డీటీసీపీ నుంచి గానీ, హైదరాబాద్ చుట్టుపక్కల అయితే హెచ్ఎండీఏ నుంచి గానీ టెక్నికల్ అప్రూవల్ రావాలి. అది లేని ప్లాట్లను క్రమబద్ధం చేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన దారే ఎల్ఆర్ఎస్. 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకు అప్లై చేసుకోమన్నారు, ఫీజు వెయ్యి రూపాయలు. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చి, ఏళ్ల తరబడి మూలన పడ్డాయి. 2025లో మళ్లీ కదిలించి, గడువులోపు కట్టినవాళ్లకు 25 శాతం తగ్గింపు ఇచ్చారు. మా అమ్మకందారు 2020లో అప్లై చేసిండు గానీ ఫీజు కట్టలేదు. చేతిలో ఉన్నది అప్లికేషన్ నంబర్ మాత్రమే. బ్యాంకుకి కావాల్సింది డబ్బు కట్టాక ఇచ్చే ప్రొసీడింగ్స్ కాగితం. ఎవరైనా మీకు "ఎల్ఆర్ఎస్ ఉంది" అంటే, అప్లికేషన్ ఉందా, ప్రొసీడింగ్స్ ఉందా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం మంది బ్రోకర్ల గొంతు తగ్గుతుంది.

రెండోది లింక్ డాక్యుమెంట్. ఇప్పుడు అమ్ముతున్నాయన పేరు మీద సేల్ డీడ్ బాగానే ఉంది. ఆయనకు అమ్మినాయన దగ్గరా ఉంది. ఆ ముందు ఒకచోట గొలుసు తెగింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఒకరి వాటా ఇంకొకరికి తెల్లకాగితం మీద రాసిచ్చారు. సాదా బైనామా. మన తెలంగాణ పల్లెల్లో ఇది ఎంత కామనో మీకు తెలుసు, మా తాత ముత్తాతలు మాట మీద, తెల్లకాగితం మీద ఎకరాలు కొన్నారు. ఊళ్లో అది చెల్లుతుంది. బ్యాంకు వకీలు దగ్గర చెల్లదు. చాలా బ్యాంకులు 30 ఏళ్ల చరిత్ర అడుగుతాయి: ఎవరి నుంచి ఎవరికి, ఏ డాక్యుమెంట్ నంబర్‌తో వచ్చింది, మధ్యలో ఎవరైనా చనిపోతే వారసులందరూ సంతకం పెట్టారా, ఆడబిడ్డల సంతకాలు ఉన్నాయా. మధ్యలో నోటరీ అగ్రిమెంటో, రిజిస్టర్ కాని జీపీఏనో తగిలితే అక్కడే పెన్ను ఆగిపోతుంది.

దీనికి మీరే ఇంట్లో కూర్చొని సగం పని చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ చూసుకోవచ్చు. డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్ సెలెక్ట్ చేస్తే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు వరుసగా వస్తాయి. పాత లోన్ ఏదైనా క్లోజ్ కాకుండా ఉంటే అందులో కనిపిస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈసీలో కనిపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలే. తెల్లకాగితం అందులోకి రాదు.

మూడోది పై అంతస్తు. పర్మిషన్ కింద ఇంటికే ఉంది. పైన రెండు రూములు కొడుకు పెళ్లప్పుడు వేసిండంట. మనకు అది బోనస్‌లా కనిపిస్తుంది, అద్దెకు ఇయ్యొచ్చు అనుకుంటాం. బ్యాంకు తరఫున వచ్చే ఇంజినీరు ప్లాన్ కాగితం పట్టుకొని ఇంటి ముందు నిలబడి, లేనిది ఉంటే రాసుకుంటడు. మంచి కేసులో ఆ పై అంతస్తుకు విలువ సున్నా కడతరు. చెడ్డ కేసులో మొత్తం ఫైలే వెనక్కి పోతుంది. మాది రెండోది.

ఇవి కాక ఇంకో సంగతి ఉంది. ఇది ఎవరూ వీడియోల్లో గట్టిగా చెప్పరు. అమ్మకందారు "రిజిస్ట్రేషన్ 18 లక్షలకే చేద్దాం, మిగతాది చేతికి ఇయ్యుండ్రి" అన్నడు. మా నాయినకు ఇది లాభంలా కనిపించింది. ఎందుకంటే తెలంగాణలో 2021 జూలై 22 నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 32 లక్షల మీద 2 లక్షల 40 వేలు. 18 లక్షల మీద 1 లక్షా 35 వేలు. అంటే 1 లక్షా 5 వేలు మిగిలినట్టు.

ఇప్పుడు బ్యాంకు వైపు నుంచి చూడండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో గరిష్టంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆ పైన 75 శాతం మాత్రమే ఇవ్వాలి. ఇది పై గీత. బ్యాంకు ఇంతకంటే తక్కువ ఇవ్వొచ్చు, మన టౌన్లలో తరచూ తక్కువే ఇస్తుంది. మరి "విలువ" అంటే ఏది? వాళ్ల ఇంజినీరు కట్టిన విలువ, మీ అగ్రిమెంట్‌లో రాసిన రేటు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. 32 లక్షలు రాస్తే 28 లక్షల 80 వేల దాకా లోన్‌కి అవకాశం ఉంది. 18 లక్షలు రాస్తే 16 లక్షల 20 వేలు దాటదు. లక్ష మిగుల్చుకోవడానికి పోయి, చేతి నుంచి పెట్టాల్సింది 3 లక్షల 20 వేల నుంచి 15 లక్షల 80 వేలకు పెరుగుతుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తరు? మిత్తికి తెస్తరు. నూటికి రెండు రూపాయలు. అంటే సంవత్సరానికి 24 శాతం. ఎనిమిదిన్నర శాతానికి దొరికే డబ్బు వదిలేసి 24 శాతానికి తెచ్చుకోవడం.

ఇంకో దెబ్బ తర్వాత పడుతుంది. పదేళ్లకు మీరు ఆ ఇల్లు అమ్మితే, మీరు కొన్న రేటు కాగితం మీద 18 లక్షలే. అంటే లాభం ఎక్కువ కనిపిస్తుంది, దాని మీద పన్ను మీరే కట్టాలి. ఇంకా, ఇల్లు, భూమి అమ్మకాల్లో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాడికి ఆ మొత్తమంత జరిమానా పడొచ్చు. మా నాయిన ఇచ్చిన మూడు లక్షలు నగదే. రసీదు? స్టాంప్ పేపర్ మీద చేతిరాత.

ఇక రిజిస్ట్రేషన్ ఖర్చుకు కూడా లోన్ వస్తుంది అనుకునేవాళ్లకు: 10 లక్షల లోపు ఇళ్లకు తప్ప, ఆ ఖర్చును ఇంటి విలువలో కలపకూడదని రూల్. కాబట్టి 32 లక్షల ఇంటికి 25 లక్షలు లోన్ వచ్చినా, 7 లక్షలు మార్జిన్, 2 లక్షల 40 వేలు రిజిస్ట్రేషన్, ప్రాసెసింగ్ ఫీజు, వకీలు ఫీజు, ఇంజినీరు ఫీజు, అన్నీ కలిపి పది లక్షల దగ్గర మీ చేతిలో ఉండాలి. "జీరో డౌన్‌పేమెంట్" అని ఫ్లెక్సీలు చూస్తే నవ్వుకొని ముందుకు పోండి.

లోన్ రాలేదని తేలాక ఏమైంది? అగ్రిమెంట్‌లో 45 రోజుల గడువు. "గడువులోపు మిగతా సొమ్ము చెల్లించని యెడల బయానా తిరిగి ఇవ్వబడదు" అని రాసి ఉంది. నాయిన సంతకం పెట్టిండు, చదవకుండా కాదు, చదివే పెట్టిండు. లోన్ రాకపోవడం అనే మాట ఆయన ఊహలోనే లేదు. కొడుకు సాఫ్ట్‌వేర్ కదా. ఊరి పెద్దమనుషులు కూర్చున్నరు, మా కాకా ఒకాయన గట్టిగా మాట్లాడిండు, నాలుగు నెలలకు రెండు లక్షలు వెనక్కి వచ్చినయి. ఒక లక్ష పోయింది. ఆ నాలుగు నెలలు మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నాయిన నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది. ఎందుకంటే పైథాన్‌లో బగ్ పట్టుకునే నేను, ఒక స్టాంప్ పేపర్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమని అడిగి ఉంటే అయిపోయేది.

అందుకే మీ అగ్రిమెంట్‌లో ఈ లైన్ ఉండాలి, స్క్రీన్‌షాట్ తీసుకోండి: "ఆస్తి కాగితాలలోని లోపాల వలన లేదా బ్యాంకు లీగల్, టెక్నికల్ పరిశీలనలో అభ్యంతరం వచ్చిన కారణంగా కొనుగోలుదారునికి లోన్ మంజూరు కాని యెడల, అమ్మకందారు బయానా మొత్తాన్ని 15 రోజులలోగా తిరిగి చెల్లించవలెను." అమ్మేవాడికి తన కాగితాల మీద నమ్మకం ఉంటే ఈ లైన్‌కి అభ్యంతరం ఉండదు. ఉంటే, మీకు ఫ్రీగా లీగల్ ఒపీనియన్ దొరికినట్టే. ఇంకా మంచి పద్ధతి, బయానా కంటే ముందే జిరాక్సులు తీసుకొని బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వకీలుకు చూపించండి. కొన్ని వేలు తీసుకుంటడు. ఆ డబ్బు ఇవ్వడానికి మనోళ్లకు ప్రాణం మీదికి వస్తుంది, మూడు లక్షలు బయానా ఇవ్వడానికి మాత్రం రాదు.

ఇప్పుడు మా ఏరియా స్పెషల్. పూడూరు మండలం దామగుండం అడవిలో, దాదాపు 2,900 ఎకరాల్లో నేవీ వీఎల్ఎఫ్ కమ్యూనికేషన్ స్టేషన్‌కి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. అడవి గురించి, మూసీ గురించి దాని మీద పెద్ద వివాదమే నడిచింది, అది వేరే ఎపిసోడ్. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు పని చేవెళ్ల మర్రిచెట్ల కేసుతో ఏళ్లు ఆగి కదిలింది. 2025లో హెచ్ఎండీఏ పరిధి పెంచినప్పుడు వికారాబాద్ జిల్లాలో కొన్ని ఊళ్లూ అందులోకి వచ్చాయి. ఇవన్నీ నిజాలే. ఈ నిజాలన్నీ ఒక ఫ్లెక్సీ మీద వేసి, కింద "ఫామ్ ప్లాట్లు, గుంటల్లో అమ్మబడును, ఈఎంఐ సౌకర్యం కలదు" అని రాస్తారు.

అక్కడ ఆగండి. అది వ్యవసాయ భూమి. నాలా కన్వర్షన్ కాలేదు. దాని రికార్డు భూభారతిలో ఉంటుంది, అంతకుముందు 2020 నుంచి ధరణిలో ఉండేది. ఇళ్ల స్థలాల రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర, వ్యవసాయ భూమిది తహశీల్దార్ దగ్గర. ఇందాక చెప్పిన సర్ఫేసీ చట్టం, సెక్షన్ 31 ప్రకారం, వ్యవసాయ భూమికి వర్తించదు. అంటే మీరు కట్టకపోతే బ్యాంకు దాన్ని ఆ పద్ధతిలో వేలం వేయలేదు. అందుకే దాని మీద హోమ్ లోన్ రాదు, అక్కడ ఎంత మంచి ఇల్లు కట్టినా. మరి "ఈఎంఐ సౌకర్యం" ఏంటి? అది బ్యాంకుది కాదు, అమ్మేవాడు పెట్టిన వాయిదాలు. చివరి వాయిదా కట్టేదాకా మీ పేరు మీద ఏమీ ఉండదు.

పల్లెల్లో పాత ఇళ్లది ఇంకో రకం. మా పూడూరు ఇల్లు ఆబాదీలో ఉంది. తాత కట్టింది. ఇంటి పన్ను రసీదు తప్ప ఏ దస్తావేజూ లేదు. దాని విలువ మాకు తెలుసు, బ్యాంకుకి తెలియదు.

ఇలాంటి కాగితాలకు కూడా లోన్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, అబద్ధం ఎందుకు. కొన్ని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు పంచాయతీ పర్మిషన్ ఇళ్లకు ఇస్తాయి. వడ్డీ 13 శాతం దాకా వెళ్లొచ్చు. 25 లక్షలు, 20 ఏళ్లు, 13 శాతం అంటే నెలకు 29,289. ఎనిమిదిన్నరతో పోలిస్తే నెలకు 7,593 ఎక్కువ. మొత్తం 240 నెలలకు 18 లక్షల పైన. కాగితం బాగా లేనందుకు మీరు కట్టే జరిమానా అది. ఇంకో తేడా: బ్యాంకులు 2019 అక్టోబర్ నుంచి ఫ్లోటింగ్ హోమ్ లోన్లను రెపో రేటు లాంటి బయటి రేటుకు కట్టేయాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ రూల్ లేదు, వాళ్ల సొంత రేటుతో నడుస్తాయి. ఆర్‌బీఐ తగ్గించినంత మాత్రాన మీకు తగ్గాలని లేదు.

రెపో అన్నాను కాబట్టి ఒక చిన్న లెక్క. 2022 మే దాకా రెపో 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5. పది నెలల్లో రెండున్నర శాతం పెరిగింది. మీరు 2022 మొదట్లో 25 లక్షలు 6.75 శాతానికి, 20 ఏళ్లకు తీసుకున్నారనుకోండి. ఈఎంఐ 19,009. రేటు 9.25 అయ్యాక, అసలు ఇంకా తగ్గలేదనుకుంటే, ఒక నెల వడ్డీనే 19,271. అంటే ఈఎంఐ మొత్తం కట్టినా వడ్డీ కూడా తీరదు! చాలామందికి బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పెంచుకుంటూ పోయాయి, వాళ్లకు తెలియను కూడా తెలియదు. ఆ తర్వాత 2023 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని కస్టమర్‌ని అడగాలి అని. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో ఒక శాతం తగ్గింది. మీ ఇంట్లో పాత లోన్ ఉంటే యాప్‌లో మిగిలిన నెలలు ఎన్నో ఈరోజే చూడండి. నేను సీరియస్‌గా చెప్తున్నా, పాజ్ చేసి చూడండి.

ఇంకోటి, మొదటి నెలల్లో ఈఎంఐ ఎటు పోతుందో తెలుసుకోండి. 25 లక్షలు, ఎనిమిదిన్నర శాతం. మొదటి నెల 21,696లో 17,708 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది నాలుగు వేల లోపే. అందుకే మొదట్లోనే కొంచెం ఎక్కువ కట్టడం పనిచేస్తుంది. సంవత్సరానికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా 20 ఏళ్ల లోన్ మూడేళ్లకు పైగా ముందే అయిపోతుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందుగా కడితే వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదు. కందులు అమ్మిన డబ్బు వచ్చిన నెలలో ఒక యాభై వేలు పడేయొచ్చు, ఎవరూ ఆపరు.

మళ్లీ మా ఇంటికి వస్తా. లక్ష పోయాక నేను ఇంకో తెలివైన పని చేశా. జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టా. 2025లో నాయిన ఇంకో ఇల్లు చూసిండు, వికారాబాద్‌లోనే, 120 గజాలు, డీటీసీపీ లేఅవుట్, పర్మిషన్ ఉన్నంతే కట్టిన ఇల్లు, 29 లక్షలు. ఈసారి కాగితాలు ముందు, బయానా తర్వాత. అన్నీ పాస్. ఫెయిల్ అయింది నేను. బ్యాంకు మేడమ్ అడిగింది: "సొంత సంపాదన అయితే కనీసం రెండేళ్ల ఐటీ రిటర్న్స్ కావాలి కదా. మీవి జీతం రిటర్న్స్." నా ఛానెల్ ఆదాయం అప్పటికి జీతం కంటే తక్కువేం కాదు. కానీ దాని మీద వేసిన రిటర్న్ ఒక్కటి కూడా లేదు. ఇల్లు కొనే ఆలోచన ఉండి జాబ్ మానేసే ఆలోచన కూడా ఉంటే, ఏది ముందో చూసుకోండి.

మా తమ్ముడు తాండూరు దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో పర్మనెంట్. జీతం చేతికి 42 వేలు. లోన్ వాడి పేరు మీద, నేను కో-అప్లికెంట్. 22 లక్షలు, 8 శాతం, 20 ఏళ్లు: ఈఎంఐ 18,402. బ్యాంకులు మామూలుగా అన్ని ఈఎంఐలు కలిపి జీతంలో సగం దాటకుండా చూస్తాయి. వాడిది 21 వేలు. కానీ వాడికి బుల్లెట్ బండి ఈఎంఐ 3,200 ఉంది. మిగిలింది 17,800. ఆరు వందలు తక్కువ! ఆరు వందల కోసం ఇల్లు ఆగింది. బండి లోన్‌లో మిగిలిన 41 వేలు కట్టేసి, ఎన్‌ఓసీ తెచ్చి, మళ్లీ ఫైలు పెట్టాం.

మీలో చాలామంది ఫోన్ ఈఎంఐలో తీసుకుంటారు, యాప్‌లో ఐదు వేలు పది వేలు లోన్ తీసుకొని రెండు రోజులు లేటుగా కడతారు. అవన్నీ సిబిల్‌లో పడతాయి. దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఉన్నాయి, ఒక్కోటి సంవత్సరానికి ఒకసారి ఫుల్ రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. ఇల్లు చూడటానికి ఆరు నెలల ముందే తీసి చూసుకోండి. మీరు తీసుకోని లోన్ అందులో ఉంటే సరిచేయించుకోవడానికి టైమ్ పడుతుంది.

తాండూరు మిత్రుల కోసం ఒక మాట. నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, కందిపప్పు మిల్లులు నడిపేవాళ్లు చేతిలో నెలకు లక్ష తిరుగుతుందంటారు, నిజమే తిరుగుతుంది. రిటర్న్‌లో మాత్రం సంవత్సరానికి నాలుగు లక్షలు చూపిస్తారు. బ్యాంకు ఆ నాలుగు లక్షలే నమ్ముతుంది. రైతుల సంగతీ అంతే. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు, కానీ పంట అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలో పడకపోతే అది లెక్కలోకి రాదు.

సబ్సిడీ గురించి క్లుప్తంగా. పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండాలి. మొదటి 8 లక్షల మీద 4 శాతం సబ్సిడీ, ఐదు వార్షిక విడతల్లో గరిష్టంగా 1 లక్షా 80 వేలు. దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. ఇది పట్టణాలకు. వికారాబాద్, తాండూరు, పరిగి మున్సిపాలిటీలు కాబట్టి అక్కడ కొనేవాళ్లు అడగండి. ఆదాయపు పన్నులో, సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు పాత పద్ధతి ఎంచుకున్నవాళ్లకే, కొత్త పద్ధతిలో లేదు.

సంతకాల రోజు బ్యాంకులో ఇంకో కాగితం ముందు పెట్టారు. లోన్ ఇన్సూరెన్స్, ఒకేసారి ప్రీమియం, దాన్ని కూడా లోన్‌లోనే కలిపేస్తామన్నారు. "ఇది కంపల్సరీ సర్" అన్నాడు ఆ అబ్బాయి. కంపల్సరీ కాదు. లోన్ ఇవ్వాలంటే ఫలానా ఇన్సూరెన్స్ కొనాల్సిందే అని బలవంతం చేయకూడదు. తమ్ముడి పేరు మీద టర్మ్ పాలసీ ముందే ఉంది, అది చూపించాం, కాగితం తీసేశాడు. 2024 అక్టోబర్ నుంచి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని కూడా రూల్ ఉంది. వడ్డీ, అన్ని ఛార్జీలు, మొత్తం ఎంత పడుతుందో అందులో ఉంటుంది. సంతకం కంటే ముందు అడిగి తీసుకోండి, అది మీ భాషలో అర్థమయ్యేలా ఇవ్వాలి.

చివరగా, ఒకతను వాళ్ల నాన్న లోన్ మొత్తం కట్టేసి ఏడాది అయినా ఒరిజినల్ కాగితాలు రాలేదని అడిగాడు. 2023 డిసెంబర్ 1 నుంచి ఆర్‌బీఐ రూల్ ఏంటంటే, లోన్ మొత్తం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చి, రిజిస్టర్ అయిన తాకట్టు కూడా తీసేయించాలి. వాళ్ల వల్ల లేటయితే రోజుకు 5,000 రూపాయలు మీకే కట్టాలి. బ్రాంచ్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, మీ కాపీ మీద తేదీతో స్టాంప్ వేయించుకోండి. స్పందన లేకపోతే 30 రోజుల తర్వాత ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు, ఫీజు లేదు. కాగితాలు చేతికి వచ్చాక ఒకసారి ఈసీ తీసి, తాకట్టు ఎంట్రీ పక్కన రద్దు ఎంట్రీ పడిందో లేదో చూసుకోండి.

మా ఇంటి ఒరిజినల్స్ అయితే 2045 దాకా బ్యాంకు లాకర్‌లోనే. నాయిన జిరాక్స్ సెట్‌కి లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నడు. వచ్చే ఎపిసోడ్‌లో వారసత్వ ఆస్తి, ఆడబిడ్డల సంతకాల సంగతి మాట్లాడుకుందాం. ఉంటా మరి.